కంప్యూటరు కోటలో కన్నములు



అధికారమను మాటను మన పూర్వులు నేటి పత్రికలవలె వాడలేదు. మీమాంసకుల మతమున అధికారి యనగా ఒక కర్మమును చేయుటకు తగినవాడు. కోరికయు, శక్తియు, విద్యయు గలిగి, శాస్త్రముచే నిషేధింపబడనివాడు. వైయాకరణుల మతమున అధికారసూత్రమనగా తరువాతి సూత్రములపై తన యేలుబడిని సాగించునది. అయితే ఆ యేలుబడి యెంతవరకో హద్దు చెప్పబడియే యుండును. ఈ రెండర్థములను కలిపి చూచినచో ఎవనికి, ఏ పనికి, ఎంతవరకు అను మూడు ప్రశ్నలు తేలును. కంప్యూటరులో ఈ మూడింటికిని సమాధానము వ్రాసి పెట్టుకొని కావలి కాయు యంత్రాంగమునకే ఆపరేటింగు సిస్టము అని పేరు. ఆ కావలిని ఏమరించి, చిన్న యధికారముతో లోనికి వచ్చినవాడు పెద్ద యధికారమును కాజేయుటకు దారి యిచ్చు లోపములు కొన్ని కలవు. ఆ కాజేయుటను ఇంగ్లీషున ప్రివిలేజి ఎస్కలేషను అందురు. నేను అధికారాపహరణమని వ్యవహరించెదను. దారి యిచ్చు లోపమును మాత్రము కన్నమనుటయే మేలు. దొంగ గోడకు వేయు కన్నమునకును దీనికిని ఒక్కటే భేదము. దీనిని దొంగ వేయడు; ఇల్లు కట్టిన మేస్త్రియే తెలియక విడిచిపోవును.

తెలుగు పండితునకు ఈ ప్రసంగమేల యని మీరడుగవచ్చును. నా యొద్ద ఛందస్సు చదివినవారిలో ఇద్దరు ముగ్గురు బెంగుళూరు చేరి ఈ కావలి పనిలోనే యున్నారు. సెలవులకు వచ్చినపుడు వారు చెప్పిన మాటలు, తెచ్చి యిచ్చిన పుస్తకములు ఈ విషయమున నాకు గురువులు. అదిగాక మన జిల్లా స్థితిని చూడుడు. వాన మొగము చాటుచేసిన యేట వేరుసెనగ రైతునకు ఇన్‌పుట్ సబ్సిడీ గాని, పంటల బీమా గాని చేరవలెనన్న, అతని పేరును సర్వే నంబరును కంప్యూటరులోని జాబితాలో నుండవలెను. ఒకప్పుడు అడంగలు కరణము చేతిలో నుండెడిది. 1984లో కరణీకములు రద్దయ్యెను. ఇప్పుడది యంత్రము కడుపులో నున్నది. కరణము దిద్దినచో సిరా రంగే పట్టియిచ్చెడిది. యంత్రమున దిద్దినదానిని పట్టియిచ్చుటకు, యంత్రము తాను వ్రాసికొను చిట్టా తప్ప వేఱు సాక్షి లేదు. పై యధికారమును కాజేసినవాడు ఆ చిట్టాను గూడ దిద్దగలడు. కఱవు నేలలో ఇది పండితులకు మాత్రమే పనికివచ్చు చర్చ కాదు.

గుత్తికోటను చూచినవారికి కంప్యూటరు కట్టడమును చెప్పుట సులభము. దిగువను పేట, దానిపైన ప్రాకారములు, ద్వారము తరువాత ద్వారము, అన్నిటికంటె ఎత్తున దుర్గము. కంప్యూటరునందు పేటలో తిరుగునవి మనము వాడు ప్రోగ్రాములు. దుర్గమున నుండునది కెర్నెలు. కెర్నెలనగా గింజలోని పప్పు. మన జిల్లావారికి కాయ ఒలిచి చూపనక్కర లేదు. స్మృతి, డిస్కు, తెర, తీగ, అన్నియు దాని చేతిలోనివే. పేటలోనివానికి వీనిలో ఏది కావలసినను ద్వారముకడ విన్నపము చేసికొనవలెనే గాని తానుగా పోయి తాకరాదు. 1776లో హైదరాలీ మురారిరావునుండి ఈ గుత్తిని గైకొన్నది గోడలు పగులగొట్టి కాదు. లోపల నీరు తరిగిపోవుటచేత. కంప్యూటరు కోటలలోను గోడ పగిలి పడినవి తక్కువ. కట్టినవాడు గోడ యెత్తును చూచుకొనుచు మఱి యేదో మఱచిన చోటనే తఱచుగా పడినవి.

ఇక చరిత్ర. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున ఫెర్నాండో కార్బటో మొదలగువారు ఒకే కంప్యూటరును పలువురు ఒకే కాలమున వాడుకొను పద్ధతిని చేసి చూపిరి. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. ఒక యింట పలువురు కాపురముండినచో గదికొక తాళము కావలసివచ్చును గదా! అందుచేత అచ్చట పాసువర్డు వాడుకకు వచ్చెను. తాళము వచ్చిన కొలది కాలమునకే మారుతాళపు చెవియు వచ్చెను. అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల కాలము మాత్రమే కేటాయింపబడినది. అది చాలక యతడు 1962లో ఒక శుక్రవారము పొద్దుపోయిన వెనుక, పాసువర్డుల పట్టికను అచ్చువేయుమని ఒక చిల్లుల కార్డు మీద కోరిక వ్రాసి యిచ్చెను. యంత్రము మారుమాట లేక అచ్చువేసెను. మరునాటి యుదయము పోయి యతడు కాగితములు తీసికొనెను. ఈ సంగతిని అతడు బయటపెట్టినది ఇరువదియైదేండ్లకు. ద్వారముకడ కావలి యున్నది. అయితే అచ్చుగదికి వేఱొక ద్వారమున్నదని కావలివానికి ఎవరును చెప్పలేదు.

అదే యంత్రమునందు కొన్నియేండ్లకు జరిగిన మఱియొక వింతను కార్బటోయే తన ట్యూరింగు బహుమాన ప్రసంగమున చెప్పినాడు. వ్రాతలు దిద్దు ప్రోగ్రాము తన చిత్తుప్రతికి ఎల్లప్పుడు ఒకే పేరు పెట్టెడిది. ఒకనాడు ఇద్దరు ఉద్యోగులు ఒకే తావున కూర్చుండి, ఒకడు నాటి ప్రకటనను, మఱియొకడు పాసువర్డుల పట్టికను దిద్దుచుండగా, రెండు చిత్తుప్రతులును తారుమారయ్యెను. ఆ దినమున లోనికి వచ్చిన ప్రతివానికిని స్వాగత వాక్యమునకు మారుగా ఊరందరి పాసువర్డులును కనబడెను! ఇందు దొంగయే లేడు. అయినను దోపు సంపూర్ణము.

ఈ యనుభవమువలన పుట్టినది మల్టిక్సు. దీనిలో అధికారమును వలయములుగా కట్టిరి. నట్టనడుమ సున్న వలయము, దాని చుట్టును ఒకటవది, ఈ రీతిగా ఎనిమిది వలయములను యంత్రమే కాపాడునట్లు హనీవెల్ వారు కంప్యూటరును నిర్మించిరి. ఇంత జేసినను, 1974లో అమెరికా వాయుసేన పక్షమున పాల్ కార్గర్, రోజర్ షెల్ అనువారు పరీక్షించి కన్నములు కనిపెట్టి, ఆ మార్గములన్నియు ఒక నివేదికలో వ్రాసిరి. మల్టిక్సునుండి 1969లో తప్పుకొన్న బెల్ ప్రయోగశాలవారిలో కెన్ థాంప్సను, డెనిస్ రిచీ యనువారు చిన్నదిగా, చులుకనగా యూనిక్సును కట్టుకొనిరి. నేడు లోకమున సర్వరులలో అధిక భాగమును, మన చేతిలోని ఫోనులును దాని వంశమువో, దాని యనుకరణములో.

యూనిక్సున సర్వాధికారికి రూటు అని పేరు. రూటనగా వేరు, మూలము. గుడిలో మూలవిరాట్టువలె నతడు కదలడు. అందరును అతనిచే పని చేయించుకొనవలెను. ఇచ్చట నొక చిక్కు వచ్చినది. నా పాసువర్డును నేనే మార్చుకొనవలెను. కాని పాసువర్డుల పట్టికను తాకు నధికారము రూటునకే కలదు. నేను తాకరాదు, తాకక మార్చుకొనలేను. రిచీ చెప్పిన ఉపాయము చక్కనిది. కలెక్టరు కచ్చేరి బంట్రోతు డవాలి వేసికొన్నంతసేపు అతని మాట కలెక్టరు మాటయే; డవాలి తీసినచో అతడు మనవంటివాడే. అట్లే కొన్ని ప్రోగ్రాములకు రూటు డవాలి తగిలించి యుంతురు. వానిని ఎవరు నడిపినను, నడుచునంతసేపు అవి రూటు అధికారముతో నడుచును. దీనికి సెట్‌యుఐడి యని పేరు. 1973లో రిచీ పేర దరఖాస్తు పెట్టగా 1979లో దీనికి పేటెంటు వచ్చెను. ఈ కాలమున మనము విను కన్నములలో పెక్కింటికి ఈ డవాలి బంట్రోతే మూలము. అతడు దుర్మార్గుడు కాడు. చెప్పిన పనిని చెప్పినట్లు చేయును. చెప్పినవాడెవడో మఱచును. అదియే తంటా.

విశాఖదత్తుని ముద్రారాక్షసమును ఎఱిగినవారికి ఇది కొత్తగా తోపదు. రాక్షసుని ముద్దుటుంగరము చాణక్యుని చారునికి దొరకెను. శకటదాసుచేత తెలియకుండ ఒక లేఖ వ్రాయించి, చాణక్యుడు దానిపై ఆ ముద్ర వేయించెను. వ్రాత శకటదాసునిదే, ముద్ర రాక్షసునిదే. అభిప్రాయము మాత్రము చాణక్యునిది. మలయకేతువు ముద్రను చూచెను గాని, దానిని వేసిన చేతిని చూడలేదు. 1988లో నార్మ్ హార్డీ యను కంప్యూటరు శాస్త్రవేత్త తాను పనిచేసిన సంస్థలో జరిగిన ఒక ముచ్చటను ప్రకటించెను. అచ్చట ఒక అనువాదక ప్రోగ్రామునకు, తన లెక్కలు వ్రాసికొనుటకై, రాజకీయపు గదిలో వ్రాయు నధికారమిచ్చిరి. ఖాతాదారుల బిల్లుల పుస్తకమును ఆ గదిలోనే యుండెను. వాడుకరి యొకడు, ‘నా ఫలితములను ఫలాని పేరుగల పుస్తకమున వ్రాయుము’ అని కోరెను. అతడిచ్చిన పేరు బిల్లుల పుస్తకముదే! ప్రోగ్రాము తన యధికారముతో దానిమీదనే వ్రాసివేసెను. బిల్లులు మాసిపోయెను. హార్డీ దీనికి ‘తికమకపడిన ప్రతినిధి’ యను అర్థము వచ్చు పేరు పెట్టెను. మన నాటకకర్త చూపినది మలయకేతువునందు గనుక, నేను దీనిని మలయకేతు న్యాయమని పిలుచుకొందును.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి రుచించినది క్లిఫర్డ్ స్టోల్ కథ. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. నక్షత్రముల పని లేక 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కంప్యూటర్ల పనిలో చేరెను. కంప్యూటరు వాడిన కాలమునకు లెక్కకట్టగా 75 సెంట్లు తేడా వచ్చెను. ముప్పావు డాలరు! మన కచ్చేరులలో నైనచో రౌండు చేసి విడిచియుందురు. ఆయన విడువలేదు. పట్టి చూడగా ఎవడో ఊరు పేరు లేనివాడు లోన తిరుగుచున్నాడు. వాడు సర్వాధికారము పొందిన తీరిది. ఈమాక్సు అను వ్రాత ప్రోగ్రాముతో కూడ మూవ్‌మెయిలు అను చిన్న సహాయకుడు వచ్చును. ఉత్తరములను తపాలా పెట్టెనుండి తీసి వాడుకరి గదిలో పెట్టుట దాని పని. ఆ ప్రయోగశాలలో దానికి రూటు డవాలి తగిలించియుండిరి. అది దేనిని ఎచ్చటికి మార్చుచున్నదో చూచుకొనదు. అయిదు నిమిషముల కొకసారి సర్వాధికారముతో తనంత తాను నడుచు ప్రోగ్రాము ఒకటి ఆ యంత్రమున నుండెను. దొంగ తాను వ్రాసిన నకిలీని మూవ్‌మెయిలుచేత ఆ తావున పెట్టించెను. అయిదు నిమిషములు కాచుకొనెను. యంత్రము తన చేతులతోనే దానిని నడపి వానిని యజమానిని చేసెను. వెంటనే వాడు అసలుదానిని మరల దాని చోట పెట్టి, జాడలు తుడిచివేసెను.

కాకి గూటిలో కోకిల గ్రుడ్డు పెట్టుట లోకప్రసిద్ధము. అందువలననే సంస్కృతమున కోకిలకు పరభృతమని పేరు. స్టోల్ 1989లో ప్రకటించిన తన గ్రంథమునకు పెట్టిన పేరును కోకిల గ్రుడ్డు అను అర్థము గలదే. ఆయన మన నిఘంటువులు చూచియుండడు. కోకిల యెచ్చటనైన కోకిలయే. ఆయన నెలల తరబడి దొంగను తరుముట మాని, వాడు కొట్టిన ప్రతి యక్షరమును అచ్చువేయించుచు కూర్చుండెను. వాడు ఆ ప్రయోగశాలను మెట్టుగా చేసికొని సైనిక కంప్యూటర్లలో వెదకుచున్నట్లు తేలెను. చివరకు లేని యొక రక్షణశాఖ పేర పెద్ద పెద్ద పత్రములు కల్పించి యెరవేయగా, వానిని చదువుటకై దొంగ చాలసేపు తీగమీద నుండెను. ఆ తీగవెంట పోగా జర్మనీలోని హానోవరు తేలెను. అచ్చట పట్టుబడిన మార్కస్ హెస్ అనువాడు తాను కాజేసినవానిని సోవియట్ గూఢచారి శాఖకు అమ్మినట్లు ఋజువై 1990లో శిక్ష పడెను. ఇంతకును దారి చూపినది 75 సెంట్లు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 2017 మే 12న వన్నాక్రై యను బందిపోటు ప్రోగ్రాము లోకమంతటను వ్యాపించెను. అది విండోసు కంప్యూటర్లలో, పాసువర్డుతో పనిలేక, నేరుగా దుర్గముననే దిగునది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలోని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు దాని పాలబడెను. ఈ కన్నమును ముందు కనిపెట్టినది అమెరికా జాతీయ భద్రతా సంస్థ. కనిపెట్టి, తన యవసరమునకై యేండ్ల తరబడి దాచుకొనెను. ఆ రహస్యము దొంగలపాలై 2017 ఏప్రిలులో బజారున పడెను. మైక్రోసాఫ్టు వారు అతుకు వేసినది మార్చి 14న. వేసికొననివారు మేలో మునిగిరి. పొరుగింటి గోడలో కన్నము చూచి చెప్పక, ఎప్పుడైన పనికివచ్చునని గుఱుతు పెట్టుకొన్నవానిని మన యూళ్లలో ఏమందురో నేను చెప్పనక్కర లేదు. ప్రభుత్వమైనను నా మాట అదియే. ఆ సమయమున మైక్రోసాఫ్టునకు అధిపతి సత్య నాదెళ్ల. వారి పూర్వుల గ్రామము మన యెల్లనూరు మండలములోని బుక్కాపురము. ఆ సంస్థవారును ఇట్లు దాచుటను నాడే బహిరంగముగా నిరసించిరి.

2018 ఫిబ్రవరిలో జరిగినది తెలుగువారు మఱచిపోరానిది. ‘జ్ఞా’ యను మన యక్షరము ఆపిలు వారి ఫోనులను కూల్చివేసెను! జకారము, దాని క్రింద ఞకారపు ఒత్తు, కంటికి కానరాని యొక విడదీయు గుఱుతు, తరువాత దీర్ఘము, ఈ వరుసలో వచ్చినచో అక్షరమును తెరపై కూర్చు ప్రోగ్రాము లెక్క తప్పి, తనది కాని స్మృతిలో చేయి పెట్టుచుండెను. ఆ యక్షరమున్న సందేశము వచ్చిన ప్రోగ్రాము మరల మరల కూలుచుండెను. ఫిబ్రవరి 19న ఆపిలు వారు సవరించిరి. బడిపిల్లలు జ్ఞకు ‘గ్న’ పలికి నన్ను బాధించినది చాలక, ఇప్పుడు యంత్రమును దానిని పలుకలేకపోయెను గదా యని నవ్వుకొంటిని. ఇందు ఎవరి యధికారమును పోలేదు. కాని స్మృతిలో హద్దు దాటుట యను నీ దోషమే పెక్కు అపహరణములకు బీజము.

హద్దు దాటుట యెట్లో మన మడుల లెక్కన చెప్పెదను. కంప్యూటరు స్మృతి వరుసగా గట్లు వేసిన మడులు. ఒక మడికి ఇన్ని బానల నీరని కొలత. అంతకు మించి పెట్టినచో గట్టు దాటి పొరుగు మడిలో పడును. ఆ పొరుగు మడిలో ‘వీడు సామాన్యుడు’ అని వ్రాసియున్నచో, పొర్లిన నీరు దానిని చెరిపి ‘వీడు సర్వాధికారి’ యని వ్రాయగలదు. సుడో యను ప్రసిద్ధమైన డవాలి బంట్రోతు కలడు. 1980 ప్రాంతమున పుట్టినవాడు. లినక్సు యంత్రములలో లేని చోటు అరుదు. అతనికి చెప్పు మాటలో ఒక ఏటవాలు గీత వచ్చినచో, దాని తరువాతి యక్షరమును ఉన్నదున్నట్లు తీసికొమ్మని సంకేతము. మాట చివరనే ఆ గీత వచ్చి, తరువాత అక్షరమే లేనిచో? వ్రాయసకాడు పూర్ణవిరామమునే అక్షరమనుకొని, దానిని దాటి పక్క తాటాకులోని వ్రాతను గూడ నకలు చేయుచు పోయెను. మడి పొర్లెను. 2021 జనవరిలో క్వాలిస్ వారు దీనిని బయటపెట్టిరి. తప్పు వచ్చినది 2011 జులైలో. మఱుసటి జనవరిలో వారే బయటపెట్టిన పీకెఎక్సెక్ కన్నము 2009 నుండి యున్నది. 2016లో బయటపడిన డర్టీ కౌ అను కన్నము సంగతి మఱియు వింత. లినక్సును కట్టిన లైనస్ టోర్వాల్డ్సే దానిని పదునొకండేండ్ల క్రిందట ఒకసారి పూడ్చబోయెను. ఆ పూడిక వేఱొకచోట అడ్డుపడగా దానిని తీసివేయవలసివచ్చెను. ఈ మూలపాఠములన్నియు బహిరంగములు, ఎవరైనను చదువవచ్చును. వేలమంది కండ్లయెదుట పదేండ్లు నిలిచిన తప్పులివి. తాళపత్రములు పరిష్కరించినవారు దీనికి ఆశ్చర్యపడరు.

2019 ఏప్రిలు, మే నెలల సంధిలో రెండు తెలుగు రాష్ట్రముల విద్యుత్ పంపిణీ సంస్థలపై రాబిన్‌హుడ్ అను బందిపోటు ప్రోగ్రాము పడెను. మన జిల్లాకు విద్యుత్తు పంచు తిరుపతి సంస్థయు వానిలో నొకటి. బిల్లులు కట్టు వెబ్‌సైట్లు నిలిచిపోయెను. అదే మే నెలలో అమెరికాలోని బాల్టిమోరు నగరపాలనయు ఆ పేరుగల బందిపోటుచే స్తంభించెను. 2020 ఫిబ్రవరిలో సోఫోస్ వారు రాబిన్‌హుడ్ కొత్త దాడులను పరీక్షించి యొక తంత్రమును కనుగొనిరి. విండోసు దుర్గములోనికి ముద్ర లేని ప్రోగ్రామును రానీయదు. కాబట్టి దొంగలు గిగాబైటు కంపెనీవారి పాత డ్రైవరు నొకదానిని తమ వెంట తెచ్చుకొనిరి. దానిలో కన్నమున్నదని 2018లోనే లోకమునకు తెలిసినది. కాని ముద్ర చెల్లుచునే యున్నది. ముద్ర చూచి ద్వారపాలకుడు లోనికి విడిచెను. ఆ కన్నముగుండ దొంగ ముద్రలు చూచు ద్వారపాలకునే నిద్రబుచ్చి, తన ముద్రలేని డ్రైవరును లోనికి తెచ్చి, కాపలా ప్రోగ్రాములను చంపివేసెను. ఇంటివాని తాళము మాట యటుంచి, దొంగ తన కన్నమును తానే మోసికొని వచ్చుట ఇచ్చటనే చూచుచున్నాము. రాక్షసుని యుంగరమును నిజమైనదే గదా!

నాకిచ్చిన కాలము కావచ్చినది. ఇంకొక్క సంగతి. ఇంత శ్రమ దొంగకు అన్ని చోట్లను అక్కరలేదు. ఆ మధ్య మా పొలము తాలూకు నకలు కొఱకు ఒక కార్యాలయమునకు పోయితిని. ఏ కార్యాలయమో చెప్పను. పై యధికారి పాసువర్డు ఒక పసుపుపచ్చ కాగితముపై వ్రాసి కంప్యూటరు తెర యంచునకు అంటించియుండిరి. నలుగురు గుమాస్తాలును దానితోనే లోనికి పోయి పనులు చేయుచుండిరి. ఎవరు ఏది దిద్దినదియు రేపు ఎట్లు తెలియునని అడిగితిని. ఆ పిల్లవాడు నవ్వి, “ఆయప్ప లీవులో ఉంటే పనులు నిలబడిపోతాయి గదా అయ్యవారూ” అని, నకలు తీసి నా చేతిలో పెట్టెను. సర్వే నంబరు, విస్తీర్ణము, తండ్రిగారి పేరు అచ్చటనే నిలిచి సరిచూచుకొంటిని. ఆ దినమున అన్నియు సరిగనే యున్నవి.